ఆ ఫొటోలోని పిల్లల అమ్మానాన్నలు ఎక్కడున్నారు?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో ఇంగ్లండ్‌లో చదువుకుంటున్న మన తెలుగు విద్యార్థుల మీద అర పేజీ కథనం వేశారు. చదువుకుంటూనే చందాలు పోగు చేసి కెన్యాలో ఒక అనాథాశ్రమానికి పంపుతున్నారని, సెలవుల్లో వెళ్ళి అక్కడి పిల్లలతో రెండు వారాలు గడిపి వచ్చారని రాశారు. పైన పెద్ద ఫొటో. మధ్యలో మనవాళ్ళు, చుట్టూ పాతికమంది చిన్నపిల్లలు, ఒక్కో మొహం గుర్తుపట్టేంత స్పష్టంగా. మా ఆఫీసులో ఆ పేజీ టీ టైమంతా చేతులు మారింది. "ఎంత మంచి పిల్లలో చూడమ్మా, మన పిల్లలకీ చూపించు" అన్నారు మా సీనియర్ గారు.

మంచి పిల్లలే. ఆ విషయంలో నాకేం అనుమానం లేదు. అలాంటి ఫొటోలో నేనూ ఒకప్పుడు నిలబడ్డాను, అందుకే ఈ ఉత్తరం.

నేను ఖమ్మంలో ఒక ఆడిట్ ఆఫీసులో పనిచేస్తాను. 2011 సెప్టెంబరులో ఎమ్మెస్సీ చదవడానికి షెఫీల్డ్ వెళ్ళాను. చలికాలంలో సాయంత్రం నాలుగింటికే చీకటి పడే ఊరు. ఇంటి మీద బెంగతో, రూములో కూర్చుంటే ఏడుపొచ్చే రోజుల్లో నాకు దొరికిన ఆసరా అక్కడి విద్యార్థులు నడిపే ఓ చిన్న సేవా సంస్థ. కాఠ్మండూలో ఒక పిల్లల హోముకి ఏటా డబ్బు పంపడం వాళ్ళ పని. నేను అకౌంట్స్ చదువుతున్నానని తెలియగానే ట్రెజరర్‌ని చేసి చెక్కుబుక్కు నా చేతిలో పెట్టారు. పాత ట్రెజరర్ అప్పటికే చదువు అయిపోయి వెళ్ళిపోయింది. అంతకు ముందు ఆయన ఎవరో ఎవరికీ తెలియదు. విద్యార్థి సంస్థలతో వచ్చే చిక్కే ఇది. ఏటా కమిటీ మారుతుంది, ఉత్సాహం కొత్తగా మొదలవుతుంది, మూడేళ్ళ కిందట ఎవరైనా ఏదైనా అనుమానపడి ఉంటే ఆ అనుమానం కూడా వాళ్ళతోపాటే డిగ్రీ తీసుకుని వెళ్ళిపోతుంది.

అక్కడ ఫిబ్రవరిలో ర్యాగ్ వీక్ అని చేశారు. మన ర్యాగింగ్ కాదు, విరాళాలు పోగుచేసే వారం. ఫార్గేట్ వీధిలో సీలు వేసిన బకెట్లు పట్టుకుని, వింత వేషాలు వేసుకుని నిలబడ్డాం. వాళ్ళు కేకులు చేసి అమ్మితే నేను రెండు గిన్నెల పులిహోర చేశాను. "స్పైసీ లెమన్ రైస్" అని బోర్డు రాసి పెట్టారు. చింతపండు పులిహోర అని నేను మొత్తుకున్నా వినలేదు. గంటలో అయిపోయింది. ఆ ఏడాది మొత్తం 4,700 పౌండ్లు వచ్చాయి, అప్పటి రేటులో మూడు లక్షల ఎనభై వేల రూపాయల దాకా. అక్కడ ఏడాది ఆదాయం 5,000 పౌండ్లు దాటితే ఛారిటీ కమిషన్ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. మేం దాటకుండా చూసుకున్నాం. ఫారాలు నింపే ఓపిక లేక అలా చేశామే తప్ప దొంగతనం ఏమీ లేదు. కానీ ఇప్పుడు ఎదుటివాళ్ళ పుస్తకాల్లో అలాంటి అంకె కనిపిస్తే నేనే రెండోసారి చూస్తాను.

2012 ఏప్రిల్‌లో, ఈస్టర్ సెలవుల్లో, తొమ్మిదిమందిమి కాఠ్మండూ వెళ్ళాం. టికెట్లు, టీకాలు, వీసాలు ఎవరివి వాళ్ళే పెట్టుకున్నాం. మిగతా ఎనిమిదిమంది ఎయిర్‌పోర్టులో 25 డాలర్లు కట్టి పదిహేను రోజుల టూరిస్టు వీసా తీసుకున్నారు. నేను ఇండియన్ని కాబట్టి నాకు అదీ అక్కర్లేదు. తొమ్మిదిమంది ఖర్చూ కలిపితే ఆరు వేల పౌండ్లకు దగ్గరకొచ్చింది. హోముకి మేం ఏడాదంతా పోగు చేసింది 4,700, మేం వెళ్ళి చూసి రావడానికి అయింది దాదాపు ఆరు వేలు. ఈ రెండు అంకెలూ ఒకే నోటుబుక్కులో నా చేత్తోనే రాశాను. పక్కపక్కన పెట్టి చూడాలని మాత్రం అప్పుడు తోచలేదు.

హోము ఊరి చివర మూడంతస్తుల అద్దె ఇల్లు. ముప్ఫై ఒక్కమంది పిల్లలు. నేపాలీ కొత్త సంవత్సరం దగ్గర పడింది, బడి పరీక్షలు అయిపోయి సెలవులిచ్చారు, అందుకని పిల్లలంతా పొద్దున్నుంచీ ఇంట్లోనే. రోజులో సగం సేపు కరెంటు ఉండేది కాదు. మేం గేటు తీసుకుని లోపలికి అడుగుపెట్టగానే నాలుగేళ్ళ పిల్ల ఒకతి పరుగెత్తుకొచ్చి నా చంక ఎక్కేసింది. పేరు కూడా తెలియదు, మెడ చుట్టూ చేతులేసి వదల్లేదు. మా వాళ్ళందరికీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎంత ప్రేమో అనుకున్నాం. మా అక్క కూతురికి అప్పుడు అంతే వయసు. కొత్తవాళ్ళు ఇంటికొస్తే వాళ్ళమ్మ కొంగు వెనక దాక్కుని, బిస్కెట్ చూపించినా బయటికి రాదు. అమ్మ ఉన్న పిల్ల అలా ఉంటుంది. ఈ తేడా నాకు చాలా ఏళ్ళకు గానీ వెలగలేదు. రుమేనియాలో 2000వ సంవత్సరంలో మొదలుపెట్టి, ప్రభుత్వ హోముల్లోని 136 మంది చిన్నపిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించిన శాస్త్రవేత్తలు ఇలాంటి విషయాలే రాశారు. హోములో పెరిగే పిల్లలు కొత్తవాళ్ళకు అతుక్కుపోతారు. రెండేళ్ళ లోపే ఏదో ఒక ఇంట్లో, ఒక అమ్మ దగ్గరకు చేరిన పిల్లలు బాగా కోలుకున్నారు. రెండు వారాలు చంకనెత్తుకుని తిప్పి, మూడో వారం విమానం ఎక్కేసే మాలాంటి వాళ్ళు ఏడాదికి ఎన్ని బ్యాచులు వచ్చారో ఆ పిల్లకు!

మాకు ఇచ్చిన పని భోజనాల గదికి రంగు వెయ్యడం. ముందు పాత రంగు గీకాలి. గీకుడు బ్లేడుతో ఒక మూల మొదలుపెట్టాను. పైన లేత పసుపు. దాని కింద ఆకాశం నీలం. దాని కింద ఆకుపచ్చ. ఇంకా గీకితే గులాబీ. గోడకి జబ్బేమీ లేదు, చెమ్మ లేదు, పెచ్చులూడలేదు. ఒక్కో రంగూ ఒక్కో బ్యాచు. మాకు ముందు వచ్చిన వాళ్ళు నీలం మీద పసుపు వేసి ఫొటో దిగి వెళ్ళారు, మేం పసుపు మీద క్రీమ్ రంగు వేసి ఫొటో దిగబోతున్నాం. ఇద్దరు పెయింటర్లు రెండు రోజుల్లో ముగించే పని తొమ్మిదిమందిమి ఆరు రోజులు చేశాం. నేల నిండా చుక్కలు. పిల్లలే తుడిచారు.

ఆ గదిలోనే ఒక అబ్బాయి నాకు జత అయ్యాడు. తొమ్మిదేళ్ళుంటాయి. రంగు డబ్బా పట్టుకుని నా వెనకే తిరిగేవాడు. మిగతా ఎనిమిదిమందికీ పిల్లలతో నవ్వులు, చప్పట్లు, ఇంగ్లిష్ రైమ్సే. నాకు వచ్చిన హిందీ అంతంతమాత్రం. కానీ నేపాలీకి అది దగ్గర, పైగా ఆ పిల్లలంతా హిందీ సినిమాలు చూసినవాళ్ళు. అలా వాళ్ళ మాటలు చెవిన పడేది నా ఒక్కదానికే.

"దీదీ, మీ నాన్న ఏం చేస్తాడు?" అన్నాడు.

"మిర్చి పండిస్తాడు."

"మా నాన్నకి గొర్రెలున్నాయి."

"ఉండేవా?" అన్నాను, పాపం అనుకుంటూ.

"ఉన్నాయి" అన్నాడు, నాకు భాష సరిగా రాదనుకుని కాస్త గట్టిగా. తర్వాత రంగు తుడిచే గుడ్డముక్క తీసుకుని, రెండు చివర్లా రెండు సీసా మూతలు పెట్టి ముడేసి, తన మోకాలి మీద అటొకటి ఇటొకటి వేలాడేలా వేశాడు. గొర్రె వీపు మీద ఇలా చిన్న సంచులు కడతారట. వెళ్ళేటప్పుడు గింజలు, టిబెట్ వైపు నుంచి వచ్చేటప్పుడు ఉప్పు. ఒక సంచి బరువు ఎక్కువైతే గొర్రె పక్కకి ఒరిగిపోతుందని, ఒరిగి చూపించాడు కూడా.

వాళ్ళది హుమ్లా. నేపాల్‌కి వాయవ్య మూల, టిబెట్ సరిహద్దు జిల్లా. ముఖ్యపట్టణం సిమికోట్‌కి అప్పటికి రోడ్డు లేదు. నేపాల్‌గంజ్ నుంచి చిన్న విమానం, లేకపోతే రోజుల తరబడి నడక. వాళ్ళ ఊరి పెద్దమనిషి ఒకాయన వచ్చి, కాఠ్మండూలో మంచి బోర్డింగ్ స్కూల్లో చేర్పిస్తానని చెప్పి, నాన్న దగ్గర డబ్బు కూడా తీసుకుని, వీణ్ణీ ఇంకో ముగ్గుర్నీ తీసుకొచ్చాడు. మొన్న దసైన్ పండక్కి నాన్న ఫోన్ చేశాడట. మనకు దసరా ఎలాగో వాళ్ళకు దసైన్ అలాగ. పెద్దవాళ్ళు పెరుగు, కుంకుమ కలిపిన బియ్యం నుదుట పెట్టి దీవిస్తారు. ఫోన్లో ఆ బొట్టు ఎలా పెట్టాడని అడిగితే నవ్వాడు. మళ్ళీ తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అన్నాడు: "గెస్టుల దగ్గర నాన్న సంగతి ఎత్తొద్దన్నారు. నువ్వు గెస్టువి కాదు కదా, నీకు మాటలొచ్చు."

ఆ రాత్రి నేను నిద్రపోలేదు. పొద్దున్నే, స్పాన్సర్ ఫైలుకి కావాలని చెప్పి, పిల్లల కాగితాలు అడిగాను. ట్రెజరర్ని కాబట్టి కాదనలేక ఒక పన్నెండు జిరాక్సులు ఇచ్చారు. తండ్రి మరణించాడని, తల్లి పోషించే స్థితిలో లేదని గ్రామ అభివృద్ధి కమిటీలు రాసిచ్చిన పత్రాలు. ఊళ్ళు వేరు, పేర్లు వేరు. పన్నెండింటిలో పదకొండింటి మీద ఒకటే తేదీ, ఒకటే చేతిరాత. నేపాలీ లిపీ హిందీ లిపీ ఒకటే కాబట్టి చదవగలిగాను. అయినా చదవడం రాకపోయినా ఫరవాలేదు. ఆడిట్‌లో కొత్తగా చేరిన కుర్రాడికి కూడా మొదటి వారం చెప్పే పాఠం అది: వేర్వేరు షాపుల బిల్లులన్నీ ఒకే పెన్నుతో ఉంటే ఆగి చూడు.

ఇది మా ఒక్క హోము సంగతి కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. 1996 నుంచి 2006 దాకా నేపాల్‌లో మావోయిస్టుల యుద్ధం నడిచింది. పిల్లల్ని దళాల్లోకి లాక్కుపోతారన్న భయం, ఊళ్ళో బడి లేకపోవడం, ఈ రెండూ దళారుల నోట మంత్రాలయ్యాయి. తల్లిదండ్రులు అప్పు చేసి, భూమి అమ్మి పిల్లల్ని అప్పజెప్పారు. అప్పటికి దేశంలో 75 జిల్లాలుంటే, పిల్లల హోముల్లో ఎక్కువ భాగం కాఠ్మండూ లోయ, పోఖరా, చిత్వాన్ లాంటి టూరిస్టులు తిరిగే చోట్లే ఉండేవి. అనాథలు టూరిస్టు మ్యాపు చూసుకుని పుట్టరు కదా. కంబోడియాలో 2011లో యూనిసెఫ్ వెలువరించిన నివేదికలో అంతకన్నా సూటిగా ఉంది. ఐదేళ్ళలో హోముల సంఖ్య 75 శాతం పెరిగింది, అందులోని పిల్లల్లో నలుగురిలో ముగ్గురికి దగ్గర దగ్గరగా అమ్మో నాన్నో బతికే ఉన్నారు. దాతలు పెరిగిన కొద్దీ అనాథలు పెరిగారన్నమాట.

షెఫీల్డ్ తిరిగొచ్చాక మే నెలలో కమిటీ మీటింగు పెట్టి అంతా చెప్పాను. మా ప్రెసిడెంట్ బంగారంలాంటి పిల్ల, ఏడ్చేసింది. ఏడ్చి, తుడుచుకుని, ఒక ప్రశ్న వేసింది: "నువ్వు చెప్పేదంతా నిజమే అనుకుందాం. మనం డబ్బు ఆపేస్తే రేపు ఆ ముప్ఫై ఒక్కమందికి అన్నం ఎవరు పెడతారు?" నా దగ్గర జవాబు లేదు. పద్నాలుగేళ్ళయినా సరైన జవాబు దొరికిందని చెప్పలేను. చివరికి నెల నెలా తిండికి సరిపడా పంపుతూనే, పిల్లల తల్లిదండ్రుల చిరునామాలు ఇవ్వండి, వాళ్ళతో మాట్లాడే ఏర్పాటు చేయండి అని ఉత్తరం రాశాం. రెండు వాక్యాల జవాబొచ్చింది, మీ సహాయానికి కృతజ్ఞతలు అని. ఆ తర్వాత మా మెయిళ్ళకు ఉలుకూ పలుకూ లేదు. ఆగస్టులో ఫేస్‌బుక్‌లో చూశాను. వేరే దేశం విద్యార్థులు బ్రష్షులు పట్టుకుని అదే భోజనాల గదిలో నవ్వుతున్నారు. గోడ ఈసారి నారింజ రంగు.

మిగిలిన డబ్బు తల్లిదండ్రుల్ని వెతికే పనికి ఇచ్చేశాం. 2006లో మొదలైన నెక్స్ట్ జెనరేషన్ నేపాల్ లాంటి సంస్థలు అక్కడ ఆ పని చేస్తున్నాయి. పిల్లవాడు చెప్పిన ఊరి పేరు, చేతిలో ఒక ఫొటో పట్టుకుని హుమ్లా కొండల్లో ఇల్లిల్లూ తిరిగి అమ్మానాన్నల్ని కనుక్కోవడం, తర్వాత పిల్లవాణ్ణి చేర్చడం, చేర్చాక మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూసి రావడం. ఇందులో ఫొటోకి పనికొచ్చే ఘట్టం ఒక్కటి ఉంటుందేమో, మిగతాదంతా నడకే. అందుకే దీనికి బకెట్టు పట్టుకుని డబ్బు అడగడం కష్టం.

2015 ఏప్రిల్ 25న అక్కడ 7.8 తీవ్రతతో భూకంపం వచ్చి దాదాపు తొమ్మిది వేలమంది చనిపోయినప్పుడు నేను ఖమ్మంలోనే ఉన్నాను. హోము నంబరుకి రెండు రోజులు ఫోన్ చేశాను. మోగలేదు. ఆ భూకంపం తర్వాత అనాథల్ని ఆదుకుంటామని ప్రపంచమంతా బయల్దేరితే, నేపాల్ ప్రభుత్వం కొత్త హోములు పెట్టడాన్ని ఆపేసింది, అమ్మానాన్నలో, అనుమతి ఉన్న సంరక్షకులో తోడు లేకుండా పిల్లల్ని జిల్లా దాటించకూడదంది. నాతో మాట్లాడిన అబ్బాయికి ఇప్పుడు ఇరవై మూడు, ఇరవై నాలుగు ఉంటాయి. సిమికోట్‌లో ఉన్నాడో, కాఠ్మండూలోనో, గల్ఫ్‌లోనో.

ఇక మీ కథనంలోని విద్యార్థులకు. ఈ ఉత్తరం వాళ్ళ కంట పడుతుందనే ఆశ. డబ్బు పోగు చేయడం మానమని నేను అనడం లేదు. మీరు వెళ్ళిన కెన్యాలోనే ప్రభుత్వం 2022లో పదేళ్ళ ప్రణాళిక ప్రకటించింది, హోముల్లోని పిల్లల్ని క్రమంగా సొంత ఇళ్ళకో, బంధువుల దగ్గరికో, పెంచుకునే కుటుంబాలకో చేర్చాలని. మీరు సాయం చేస్తున్న హోమును ఒక్కటే అడగండి, పోయిన ఏడాది మీ దగ్గర్నుంచి ఇంటికి వెళ్ళినవాళ్ళు ఎంతమంది అని. ఆ అంకె చెప్పలేకపోతే, అడిగినందుకు చిరాకు పడితే, అక్కడ ఆగండి. చెబితే, ఆ ఇంటికి వెళ్ళిన పిల్లల స్కూలు ఫీజు మీరు కట్టండి, వాళ్ళమ్మకి కుట్టుమిషను కొనివ్వండి. మీరు వెళ్ళక్కర్లేదు. ఆ టికెట్టు డబ్బులు కూడా పంపేయండి. హోములకు వలంటీర్లుగా వెళ్ళడం పిల్లల అక్రమ రవాణాకు దారితీయొచ్చని 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కూడా తీర్మానంలో హెచ్చరించింది. ఇది నాబోటి ఒక్కదాని చాదస్తం కాదు.

మన దగ్గరా ఇదే ఆలోచన ఉంది, పెద్దగా ఎవరికీ తెలియదు, అంతే. మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద, ఆదాయం తక్కువున్న కుటుంబంలో తండ్రి పోయిన పిల్లవాణ్ణి హోముకి పంపకుండా తల్లి దగ్గరే ఉంచి చదివించడానికి నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. మా ఆఫీసు స్వీపరమ్మ మనవరాలికి ఆ దరఖాస్తు నేనే నింపాను. ఆదాయం సర్టిఫికెట్టు కోసం నాలుగుసార్లు తిరిగాం. ఆ తిరుగుడుకి తోడు వెళ్ళే కాలేజీ పిల్లలుంటే ఎంత బాగుండేది! మనవాళ్ళకేమో పుట్టినరోజు వస్తే కేకు పట్టుకుని ఆశ్రమానికి వెళ్ళి, పిల్లల్ని వరసగా నిలబెట్టి హ్యాపీ బర్త్‌డే పాడించుకుని, ఫొటోలు స్టేటస్‌లో పెట్టుకోవడం అలవాటైపోయింది. మా ఇంట్లోనూ చేశారు. ఆ రోజు నేను వంటింట్లోంచి బయటికి రాలేదు.

చివరిగా మీకు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం, సంరక్షణ అవసరమైన పిల్లల ఫొటో గానీ, పేరు గానీ, బడి గానీ, ఇల్లు గానీ తెలిసేలా పత్రికలో వేయకూడదు. వేస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మన జిల్లాలో ఒక హోము పిల్లలైతే మీరు మొహాలు మసక చేసి వేసేవారు, చాలాసార్లు వేశారు కూడా, చూశాను. కెన్యా పిల్లలు కదా అని వదిలేశారనుకుంటాను. ఆ ఫొటోలో ముందు వరసలో ఎర్ర చొక్కా పిల్లవాడు కెమెరా వైపు కాకుండా పక్కకి, తలుపు వైపు చూస్తున్నాడు. ఎవరి కోసమో నాకు తెలియదు. మీ ఇంటర్నెట్ ఎడిషన్‌లో ఆ ఫొటో ఇంకా అలాగే ఉంది. దయచేసి తీసేయండి.

నా దగ్గరా 2012 నాటి ఫొటో ఒకటుంది. క్రీమ్ రంగు గోడ ముందు తొమ్మిదిమందిమి, ముప్ఫై ఒక్కమంది పిల్లలు, నా పక్కన డబ్బా పట్టుకుని వాడు. ఈ ఉత్తరంతో పంపడం లేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, ఖమ్మం
(పేరు, చిరునామా కవరు మీద రాశాను. ప్రచురించవద్దని మనవి.)